చుక్క తప్పితే ముగ్గే కాదు, ఆటా చెడుతుంది

ఆడవాళ్ళకి క్రికెట్టేమిటి, అందులో లెక్కలు రాయటమేమిటి అని నవ్వుకుంటున్నారు కదూ! నవ్వండి, ఫర్వాలేదు. మా వీధిలోనూ మొదట్లో అందరూ నవ్వినవాళ్ళే. కాని ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. మీ ఇంట్లో పాల లెక్క రాసేదెవరు? ఇస్త్రీ బట్టల లెక్క, చీటీ వాయిదాలు, కిరాణా కొట్టు ఖాతా ఎవరి చేతి మీదుగా నడుస్తున్నాయి? పాలవాడు "పదహారో తారీకు కూడా పోశానమ్మా" అంటే, "లేదయ్యా, ఆ రోజు మేం కంభంలో పెళ్ళికి పోయాం, ఇదిగో సున్నా చుట్టి పెట్టా చూడు" అని క్యాలెండరు చూపించేది మనమే కదా! ఆ పని వచ్చినవాళ్ళకి స్కోరు పుస్తకం కూడా వస్తుంది. నేను ఇంటర్ దాకా చదువుకున్నదాన్ని. నాకే వచ్చిందంటే మీకెందుకు రాదూ!

మాది మార్కాపురం. పలకల ఊరు. మనలో చాలామంది అక్షరాలు దిద్దుకున్నది మా ఊరి పలక మీదే అయ్యుంటుంది. పలక మీద రాసింది నచ్చకపోతే అరచేత్తో తుడిచేస్తాం, పోతుంది. స్కోరు పుస్తకం అట్లా కాదు. ఒకసారి రాస్తే అది ఒక పిల్లవాడి పేరు మీద ఉండిపోతుంది. అందుకే దాని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

సంక్రాంతి సెలవులొస్తే మా వైపు పిల్లలకి క్రికెట్ పోటీలే పండగ. గిద్దలూరు, బేస్తవారిపేట, తర్లుపాడు, పొదిలి... నాలుగు వైపుల నుంచీ జట్లు వస్తాయి. పన్నెండేసి ఓవర్ల మ్యాచీలు. మా అబ్బాయి కూడా ఆడతాడు. లెక్క రాసే కుర్రాడు ఉద్యోగానికని హైదరాబాదు వెళ్ళిపోయిన ఏడు, మా అన్నయ్య కొడుకు వచ్చి "అత్తా, నువ్వు లెక్కలు బాగా రాస్తావుగా, రా" అని తీసుకుపోయి షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పట్నుంచీ ఆ కుర్చీ నాదే. ఒక చెంబు మజ్జిగ, రెండు పెన్నులు, పుస్తకం. అంతే నా సరంజామా.

స్కోరు పుస్తకం తెరిచి చూస్తే మీకు ముగ్గుల పుస్తకం గుర్తొస్తుంది. పరుగు రాకపోతే చుక్క. పరుగులొస్తే అంకె. వైడ్‌కి కూడిక గుర్తు. నోబాల్‌కి సున్నా చుట్టాలి, దాని మీద బ్యాటుతో పరుగులొస్తే ఆ అంకె సున్నా లోపల. బ్యాటుకీ ఒంటికీ తగలకుండా పోయిన బంతికి పరిగెత్తితే బై, దానికి త్రికోణం. కాలికో ఒంటికో తగిలి పోతే లెగ్ బై, దానికి తలకిందులు త్రికోణం. ఓవరంతా ఒక్క పరుగూ ఇవ్వకపోతే మూడు చుక్కల మీద మూడు చుక్కలు పెట్టి ఎమ్ అక్షరం వచ్చేట్టు కలుపుతారు, దాన్నే మెయిడెన్ అంటారు. నెల ముగ్గులు కలిపిన చేతికి ఇదెంత పని చెప్పండి!

మామూలు బంతులు రాయటంలో కష్టమేమీ లేదు. తిరకాసంతా ఎప్పుడో ఒకసారి జరిగే వాటితోనే. పొద్దుట్నుంచీ తొంభై బంతులు చక్కగా పోతాయి. తొంభై ఒకటోది ఏదో విచిత్రంగా పడుతుంది. అందరూ ఒక్కసారిగా అరుస్తారు, ఒకడు "ఔట్" అంటాడు, ఒకడు "కాదు" అంటాడు. సరిగ్గా అప్పుడే మన చెయ్యి తడబడుతుంది. ఆ ఒక్క బంతిని సరిగ్గా రాయటానికే అక్కడ మనం కూర్చున్నది.

ఒక ఉదాహరణ చెబుతాను. బౌలర్ వేసిన బంతి బాగా దూరంగా పోయింది. బ్యాట్స్‌మన్ ముందుకు దూకాడు, అందలేదు. వెనకాల కీపర్ పట్టుకుని వికెట్లు పడగొట్టాడు. అంపైర్ వేలెత్తాడు, తర్వాత రెండు చేతులూ చాచి వైడ్ అన్నాడు. ఇప్పుడేం రాయాలి? ఇట్లాంటప్పుడు నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. బంతి ఓవర్ లెక్కలోకి వస్తుందా? పరుగులెన్ని, అవి ఎవరి ఖాతాలో? ఔటైతే ఎవరు, ఎట్లా, వికెట్టు ఎవరి పేరున? తర్వాతి బంతి ఆడేది ఎవరు?

చూడండి. వైడ్ కాబట్టి బంతి లెక్కలోకి రాదు, ఆ ఓవర్లో ఇంకోటి వెయ్యాల్సిందే. పరుగు ఒకటి, అది ఎక్స్‌ట్రాల్లోకీ బౌలర్ ఖాతాలోకీ పోతుంది. బ్యాట్స్‌మన్ స్టంపౌట్, వైడ్ మీద స్టంపౌట్ చెల్లుతుంది. వికెట్టు బౌలర్ పేరునే, పక్కన కీపర్ పేరు. ఆ పిల్లవాడు అప్పుడే వచ్చినవాడైతే ఒక్క బంతీ ఆడకుండానే ఔటైనట్టు, ఎందుకంటే వైడ్ అతను ఆడిన బంతుల్లోకి రాదు. అదే నోబాల్ అయితే కథ వేరు. స్టంపౌట్ చెల్లదు, క్యాచి చెల్లదు, రనౌట్ మాత్రం చెల్లుతుంది. నాలుగు ప్రశ్నలూ వరసగా వేసుకుంటే ఎంత గందరగోళమైనా ఏ గడిలోది ఆ గడిలో పడుతుంది.

రాసింది సరిపోయిందో లేదో చూసుకోవటానికి మూడు దార్లున్నాయి. బ్యాట్స్‌మెన్ పరుగులన్నీ కూడి ఎక్స్‌ట్రాలు కలిపితే ఒక మొత్తం. బౌలర్లు ఇచ్చిన పరుగులు కూడి, బైలు, లెగ్ బైలు, జరిమానా పరుగులు ఉంటే అవీ కలిపితే రెండో మొత్తం. పరుగు వచ్చినప్పుడల్లా ఒకటి, రెండు, మూడు అని కొట్టేసుకుంటూ పోయిన వరస మూడోది. మూడూ ఒక్కటే కావాలి. డబ్బాలో మిగిలిన డబ్బు, ఖర్చు పుస్తకం, కొట్టువాడి చీటీ మూడూ సరిపోయాయా అని మనం నెలాఖరున చూసుకోమూ? అదే ఇది. వికెట్లకీ ఒక లెక్కుంది. రనౌట్ బౌలర్ ఖాతాలో పడదు. కాలు పట్టేసి బయటికొచ్చి కూర్చున్న పిల్లవాడు ఔటే కాదు, నొప్పి తగ్గాక మళ్ళీ వచ్చి ఆడొచ్చు. అతని పేరు పక్కన వికెట్టు రాస్తే జట్టుకి అన్యాయం చేసినట్టే.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. విచిత్రమైంది ఏదైనా జరిగితే దానికి పేరు పెట్టే తొందర వద్దు. ముందు ఏం జరిగిందో జరిగిన వరసలో రాసుకోవాలి. పేరు తర్వాత అంపైర్ చెబుతాడు.

దీప్తి శర్మ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2022 సెప్టెంబరు 24న లార్డ్స్‌లో మన అమ్మాయిలు ఇంగ్లండుతో వన్డే ఆడారు. ఝులన్ గోస్వామికి అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచి. ఇంగ్లండుకి ఒక్క వికెట్టే మిగిలుంది. దీప్తి బంతి వెయ్యబోతుంటే అవతలి చివర ఉన్న చార్లీ డీన్ ముందే గీత దాటింది. దీప్తి ఆగి వికెట్లు పడగొట్టింది. మనం 16 పరుగులతో గెలిచాం. అది న్యాయమా, అన్యాయమా అని లోకమంతా వాదించుకుంది. కొందరు దాన్ని మన్కడింగ్ అంటారు. 1947 డిసెంబరులో సిడ్నీ టెస్టులో మన వినూ మన్కడ్ ఆస్ట్రేలియా ఆటగాడు బిల్ బ్రౌన్‌ని అట్లాగే ఔట్ చేశాడు, అప్పట్నుంచీ ఆ పేరు పడింది. కాని స్కోరు పుస్తకంలో మన్కడింగ్ అనే గడే లేదు! అక్కడ రాసేది రనౌట్. బంతి వెయ్యలేదు కాబట్టి ఓవర్లో లెక్కించరు. వికెట్టు బౌలర్ ఖాతాలో పడదు. వాదన ఏళ్ళ తరబడి సాగినా పుస్తకం నాలుగు ముక్కల్లో తేల్చేసింది.

2023 నవంబరు 6న ఢిల్లీలో ప్రపంచ కప్ మ్యాచిలో ఇంకో వింత జరిగింది. శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ బ్యాటింగుకి వచ్చాడు. హెల్మెట్ పట్టీ తెగింది. మార్చుకునేలోపు గడువు దాటిపోయిందని బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అప్పీలు చేశాడు. టైమ్డ్ ఔట్! అంతర్జాతీయ క్రికెట్లో అట్లా ఔటైన మొదటి మనిషి ఆయనే. రాసేవాళ్ళ సంగతి ఆలోచించండి. ఒక వికెట్టు పడింది, ఇంకో బంతి పడకుండానే రెండో వికెట్టు పడింది. బంతి లేదు, బౌలర్ లేడు, పరుగు లేదు, ఆడిన బంతులు సున్నా. ఎన్నడూ చూడనిదైనా నాలుగు ప్రశ్నలకీ జవాబు దొరుకుతుంది.

అంపైర్ చెప్పింది మనకి సరిగా లేదనిపిస్తే? అప్పుడూ ఆయన చెప్పిందే రాయాలి. 2019 జులై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్లో న్యూజీలాండ్ ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతి, రెండో పరుగు కోసం దూకిన బెన్ స్టోక్స్ బ్యాటుకి తగిలి బౌండరీ దాటింది. అంపైర్ ఆరు పరుగులన్నాడు. బంతి విసిరిన క్షణానికి ఇద్దరూ ఒకరినొకరు దాటి ఉంటేనే ఆ రెండో పరుగు కలపాలి. వాళ్ళు దాటలేదు, ఐదే ఇవ్వాల్సిందని పేరున్న మాజీ అంపైర్ సైమన్ టౌఫెల్ తర్వాత చెప్పాడు. మ్యాచి 241 దగ్గర సమానమై సూపర్ ఓవర్‌కి పోయింది. అయినా పుస్తకంలో ఉండేది ఆరే. తీర్పు చెప్పటం మన పని కాదు. తీర్పు ఏమిటో, ఎప్పుడిచ్చారో తేడా లేకుండా రాయటమే మన పని.

ఇది మన క్రికెట్‌కే అనుకోకండి. మా తోటికోడలి కొడుకు అమెరికాలో చదువుకుంటూ వాళ్ళ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచీలకి ఇట్లాంటి లెక్కే రాస్తాడట. వాళ్ళ ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేతపట్టుకుని పరిగెత్తేది. ఎక్కడ మొదలైంది, ఎన్ని గజాలు పోయింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది, అన్నీ రాయాలి. బంతి ఎవడి చేతిలోంచైనా జారిపోయిందంటే ఇక రాసేవాడికి పరీక్షే! ఎక్కడ జారింది, ఎవరు ఏరుకున్నారు, ఎంత దూరం పోయారు, వరస తప్పకూడదు. 1982 నవంబరు 20న కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్ జట్ల మ్యాచిలో ఆఖరి నాలుగు సెకన్లలో బంతి ఐదుసార్లు చేతులు మారిందట. ఆట అయిపోయిందనుకుని బ్యాండు మేళం వాళ్ళు మైదానంలోకి వచ్చేశారు. మొదట బంతి అందుకున్న కెవిన్ మోయెనే చివర్లో మేళం మధ్యలోంచి దూసుకుపోయి గీత దాటాడు. కాలిఫోర్నియా 25-20తో గెలిచింది. అంపైర్లందరూ ఒకచోట చేరి మాట్లాడుకున్నాకే తీర్పు చెప్పారు. "పిన్నీ, అట్లాంటప్పుడు చివర్నుంచి వెనక్కి గుర్తు తెచ్చుకుంటే కలగాపులగమైపోద్ది, మొదట్నుంచి పేర్లు మాత్రం గిలికేసుకోవాలి" అంటాడు వాడు. సముద్రాలు దాటి పోయినా సూత్రం అదే చూశారా!

ఇంతకీ ఇంత పట్టింపు ఎందుకంటారా? ఆ పట్టింపు మా ఇంటి గడప దాకా వచ్చిన రోజు ఒకటుంది, చెబుతాను వినండి.

ఆ ఏడు సెమీఫైనల్లో అవతలి జట్టు 96 కొట్టింది. మా అబ్బాయి జట్టు 92 మీదుంది, ఎనిమిది వికెట్లు పడ్డాయి, రెండు బంతులే మిగిలాయి. గెలవాలంటే ఐదు కావాలి. ఐదో బంతిని ఒక పిల్లవాడు దూరంగా కొట్టాడు. అవతలి చివర మా వాడు. మూడుసార్లు పరిగెత్తారు. జనం ఈలలు, కేకలు. బంతి చేతికొచ్చాక అంపైర్ ఒక చెయ్యి మడిచి వేళ్ళతో భుజం తాకాడు. పరుగు పొట్టి అన్నమాట. మధ్యలో తిరిగేటప్పుడు మా వాడి బ్యాటు గీతకి అందలేదు. గోలలో ఆ సైగ ఎవరూ చూడలేదు. నేను చూశాను. అవతలి జట్టు తరఫున రాస్తున్న డిగ్రీ కుర్రాడూ చూశాడు. ఇద్దరం చెయ్యెత్తాం. అప్పుడుగాని అంపైర్ చెయ్యి దించలేదు.

రెండు అని రాశాను. రాసి పక్కనే "మూడు పరిగెత్తారు, ఒకటి పొట్టి, అంపైర్ సైగ" అని చిన్నక్షరాలతో రాశాను. ఎందుకో తెలుసా? రెండు పరుగులైతే కొట్టినవాడే మళ్ళీ ఆడాలి. ఇక్కడ పుస్తకంలో ఉన్నవి రెండు, కాని మనుషులు మూడుసార్లు చివరలు మారారు, కాబట్టి ఆరో బంతి ఆడేది మా వాడు. ఆ చిన్న ముక్క పక్కన లేకపోతే రేపు చూసేవాళ్ళు 'రెండు పరుగులు తీసి ఆటగాడెట్లా మారాడు, ఈవిడ రాసిందంతా తప్పు' అనుకుంటారు. వింత జరిగినప్పుడు అంకె ఒక్కటే చాలదు. ఆ అంకెకి కారణం కూడా పక్కన ఉండాలి.

బోర్డు మీద రాసే చిన్న పిల్లవాడు మాత్రం జనం కేకలు విని సుద్దముక్కతో 95 వేసేశాడు. నేను పిలిచేలోపే ఆరో బంతి పడింది. మా వాడు కొట్టాడు, రెండు పరుగులు తీశారు. బోర్డు మీద 97! పిల్లలంతా మా వాణ్ణి భుజాలకెత్తుకున్నారు. నా పుస్తకంలో 96. సమానం. ఆ పోటీల్లో నియమం ఏమిటంటే, సమానమైతే తక్కువ వికెట్లు పోగొట్టుకున్న జట్టుదే గెలుపు. వాళ్ళవి ఆరు, మనవి ఎనిమిది.

పిల్లలు షామియానా చుట్టూ మూగారు. "ఏంది ఆంటీ, బోర్డు మీద ఉంది కదా!" అని ఒకడు, "మనోళ్ళని మనమే ఓడిస్తామా?" అని ఇంకొకడు. ఒక పెద్దమనిషైతే "కన్న కొడుకమ్మా, ఒక్క గీతే కదా" అని మెల్లగా అన్నాడు. నేనేమీ మాట్లాడలేదు. పుస్తకం తిప్పి వాళ్ళ ముందు పెట్టాను. అవతలి కుర్రాడూ తన పుస్తకం పక్కన పెట్టాడు. రెంటిలోనూ అదే రెండు. అంపైర్ వచ్చి అవునన్నాడు. ఇక మాటల్లేవు. ఆ రెండు పుస్తకాలూ తేడాగా ఉంటే ఆ సాయంత్రం రెండూళ్ళ పిల్లలు కర్రలు పట్టేవాళ్ళే.

ఆ రాత్రి మా వాడు సరిగా తిండి తినలేదు. వాళ్ళ నాన్న కూడా పళ్ళెం ముందు కూర్చుని నా వంక ఒకలాగా చూశారు. నేనూ కడుపులోనే దాచుకున్నాను. నాకు మాత్రం బాధ ఉండదా! మర్నాడు పొద్దున నీళ్ళు తోడుతుంటే వాడే వచ్చి "అమ్మా, నువ్వు మూడు రాసినా నా బ్యాటు అందలేదని నాకు తెలుసు కదే" అన్నాడు. అంతే. ఆ మాటతో నా గుండె తేలికపడింది.

మీరూ ఎప్పుడైనా ఆ కుర్చీలో కూర్చోవలసి వస్తే గుర్తుంచుకోండి. టాసుకి ముందే చెట్టుకి తగిలితే ఎన్ని, గోడ దాటితే ఎన్ని అని అడిగి మొదటి పేజీలోనే రాసుకోండి. అంపైర్ సైగ చేస్తే చెయ్యెత్తి చూపండి, చూపేదాకా ఆయన ఆట సాగనివ్వడు. ఓవర్ కాగానే పక్కన రాసేవారితో మొత్తం సరిచూసుకోండి. ఏదైనా వింత జరిగితే పక్కన ఒక నోట్సులో మూడు నాలుగు మాటలు గిలికి, విరామంలో అంపైర్‌ని అడిగి పుస్తకంలోకి ఎక్కించండి. నియమాలు మారుతుంటాయి, అవీ తెలుసుకుంటూ ఉండండి. 2022 అక్టోబరు 1 నుంచి క్యాచి ఔటైతే, ఇద్దరూ దాటుకున్నా సరే, ఓవర్ అయిపోతే తప్ప కొత్తగా వచ్చినవాడే తర్వాతి బంతి ఆడాలి. మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ "దాటారు కదమ్మా" అని పోట్లాడతారు! కొట్టివేతలు వస్తే తెల్లరంగు పుయ్యకండి, ఒక్క గీత గీసి పక్కన సరైంది రాయండి. కింద ఉన్నది కనబడితేనే నమ్మకం.

ఇది ఆడవాళ్ళ పని కాదని ఎవరైనా అంటే మన రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారి పేరు చెప్పండి. ఆంధ్ర జట్టుకి ఆడిన ఆవిడ 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలికి మొట్టమొదటి మహిళా మ్యాచ్ రిఫరీ అయ్యారు. మా గిద్దలూరు పొరుగునే ఉన్న కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచ కప్ గెలిచిన మన జట్టులో ఉంది. ఇట్లాంటి పిల్లలు మన ఊళ్ళలో ఇంకా ఎందరున్నారో! ఎంపిక చేసేవాళ్ళు అన్ని మైదానాలకీ వచ్చి చూడలేరు. వాళ్ళ చేతికి అందేది మనం రాసిన కాగితమే. అందులో ఒక అమ్మాయి కష్టపడి తీసిన వికెట్టు రనౌట్‌గా పడినా, రాని వికెట్టు ఆమె పేరున పడినా, అడిగే నాథుడుండడు. మన పిల్లలకైనా, పరాయి పిల్లలకైనా, వాళ్ళకి రావలసింది వాళ్ళ గడిలో వెయ్యటమే మనం చేయగలిగిన మేలు.

ఈ సంక్రాంతికి మీ ఊళ్ళో పోటీలుంటే పిండివంటలు తొందరగా ముగించుకుని ఒక పూట వెళ్ళి కూర్చోండి. పెన్ను మాత్రం మరిచిపోకండేం!